మార్జార సోపానం: టీకా తాత్పర్య సహితం

మూలం (ఆటవెలది)

పలక పలక కూర్చి పట్టుగా బిగియించి
తాళ్లు చుట్టి గోడ దాపు నిలుప
మెట్టు మెట్టు చూచి మీసమ్ము దువ్వుచు
అట్టపెట్టె లోన హాయి పిల్లి!

అవతారిక: ఈ పద్యం తాండూరులో, నాపరాళ్లు పరిచిన హాల్లో, శ్రావణ మాసపు ముసురులో పుట్టింది. గృహస్థు ఆన్‌లైన్లో పిల్లికోసం మెట్ల స్తంభం తెప్పించాడు. పెట్టె విప్పితే పలకలు, పొట్లం నిండా బోల్టులు, వంకర ఆలెన్ కీ ఒకటి, కాగితం ఒకటి. కాగితం మీద అక్షరం ముక్క లేదు, అన్నీ బొమ్మలే. ఏ భాషవాడికీ అన్యాయం జరగకుండా అందరికీ సమానంగా అర్థం కాకూడదని గ్రంథకర్త ఆశయం.

వ్యాఖ్యాతల్లో మేటి కోలాచల మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. మాకేమంత దూరం కాదు. మూలంలో లేనిది రాయకూడదని, అక్కర్లేనిది చెప్పకూడదని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ కాగితంలాగా మూలంలో మాటే లేనప్పుడు ఏం చేయాలో మాత్రం చెప్పిపోలేదు. కాబట్టి మొదటి నియమం ఇక్కడ వర్తించదు. రెండోది పాటించే ఉద్దేశం ఈ టీకాకారుడికి లేదు.

ప్రతిపదార్థం: పలక పలక = రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన చెక్కకు చెక్కను; కూర్చి = ఏది పైకో ఏది కిందికో తేలకముందే జోడించి; పట్టుగా = ఆలెన్ కీ అరచేతిలో అచ్చు పడేదాకా; బిగియించి = బిగించి, విప్పి, మళ్లీ బిగించి; తాళ్లు = కిత్తనార తాళ్లను; చుట్టి = ఊడిన చోటల్లా మళ్లీ చుట్టి; గోడ దాపు = గోడ పక్కన; నిలుప = నిలబెట్టగా; మెట్టు మెట్టు = ప్రతి అంతస్తునూ; చూచి = కిందినుంచే చూసి; మీసమ్ము దువ్వుచు = ముంగాలు నాకి మూతి తుడుచుకుంటూ; అట్టపెట్టె లోన = అవన్నీ వచ్చిన పెట్టెలో; పిల్లి = పిల్లి; హాయి = హాయి.

వ్యాకరణ విశేషం: చివరి పాదంలో క్రియ లేదు. పిల్లి ఏ పనీ చేయదు గనుక క్రియతో అవసరం పడలేదు. ‘దువ్వుచు’కూ ‘అట్టపెట్టె’కూ నడుమ సంధి కలపలేదేమని పండితులు అడగవచ్చు. మూడో పలకకూ నాలుగో పలకకూ నడుమ కూడా వేలు దూరేంత సందు ఉంది. కవి కళ్లారా చూసిందే రాశాడు.

పాఠాంతరాలు: నాలుగో బొమ్మ దగ్గర రెండు సంప్రదాయాలు ఏర్పడ్డాయి. వికారాబాదు నుంచి వీడియో కాల్లో బావమరిది చెప్పిన పాఠం: “బావా, గది ఉల్టా పెట్టినవ్. బొక్కలున్న దిక్కు కిందికి రావాలె.” తాండూరు పాఠం: “కిందికి వెట్టినంక బోల్టు యాడికెళ్లి ఎక్కిస్తర్రా? నువ్వు జర సప్పుడు జేయకు.” ఇద్దరికీ ప్రమాణం ఒకే బొమ్మ. బొమ్మలోని మనిషికి ముఖం లేదు, చిరునవ్వు మాత్రం ఉంది. ఈ వివాదానికి మిస్త్రీల మతమే శరణ్యం: అన్ని బోల్టులూ సగం సగమే ఎక్కించి, నిర్మాణం మొత్తం నిలబడ్డాకే గట్టిగా తిప్పాలి. ముందే బిగిస్తే పొట్టుచెక్కలో గాడి చెరిగిపోతుంది. ఆ తర్వాత ఏ పాఠమూ నిలబడదు.

‘గోడ దాపు’ అనడంలో ఔచిత్యం: పిల్లి గోకేది అల్లరికి కాదు. పాతబడిన గోరు పొరను వదిలించుకోవడానికి, కాలివేళ్ల మధ్య గ్రంథుల వాసన అంటించి ‘ఇది నాది’ అనడానికి, నడుము నుంచి నిండా ఒళ్లు విరుచుకోవడానికి. ఆ ఊపుకు స్తంభం కదిలిందా, మళ్లీ దాని జోలికి పోదు. నాపరాయి మీద పీఠం జారుతుంది. ఆ జారుడుకు మందు కూడా నాపరాయే. తాండూరు చుట్టూ పాలిషింగ్ యూనిట్ల దగ్గర తునకలు గుట్టలుగా పడి ఉంటాయి. అడుగు చదరం, అంగుళం మందం ముక్క ఆరు కిలోలు తూగుతుంది. దాన్ని పీఠం మీద పెట్టి కట్టేస్తే చాలు. కాగితంలో ఈ బొమ్మ లేదు. స్వీడన్లో 1956లో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఆయన, కార్లో పట్టని బల్లకు కాళ్లూడదీసి సామాను విడదీసి పెట్టెలో పంపే ఈ కావ్యప్రక్రియకు దారి చూపాడంటారు. ఆయనకు తాండూరు బండ సంగతి తెలియదు పాపం.

చారిత్రక విశేషం: మన ఇళ్లలో పిల్లికోసం ఇదివరకూ ఒక సామాను ఉండేది, ఉట్టి. పిల్లిని ఎత్తుకు రానీయకూడదని దాని ఏర్పాటు. పిల్లి శాపాలకు ఉట్లు తెగలేదు గానీ కాలానికి తెగాయి. ఇప్పుడు అదే ఎత్తుకు, డబ్బు పోసి, మెట్లు కట్టి, రా తల్లీ అని పిలుస్తున్నాం. గృహస్థు తల్లి ఈ పని చూసి, “మీ నాయినకు నవారు మంచం అల్లనీకె పుర్సతు లేకపాయె” అన్నది. దీనికి ఏ వ్యాఖ్యానంలోనూ సమాధానం లేదు.

శంక: ఇంత సౌధం ఉండగా పెట్టెలో ఎందుకు దూరింది? కృతఘ్నత కాదా?

సమాధానం: కాదు. పిల్లి ఒంటికి సుఖమైన వేడి 30 నుంచి 38 డిగ్రీలు. ముసురు పట్టినప్పుడు తాండూరు బండ అరికాలికి చల్లగా తగులుతుంది. అట్ట ఒంటి వేడిని పోనీయదు. నాలుగు దిక్కులా గోడ ఉంటే వెనకనుంచి ఎవరొస్తారోనన్న బెదురూ ఉండదు. నెదర్లాండ్స్‌లో 2014లో ఒక సంరక్షణ కేంద్రంలో కొత్తగా వచ్చిన పిల్లులను గమనించారు. దాక్కోవడానికి పెట్టెలున్న పిల్లులు లేనివాటికంటే తొందరగా కుదుటపడ్డాయి. సామానుతో వచ్చిన వాటన్నిటిలో బొమ్మల కాగితం చూడకుండానే వాడుకోదగిన వస్తువును పిల్లి ఒక్క చూపులో ఎంచుకున్నది. ఈ టీకాకారుడు పిల్లి పక్షం.

ఇది శ్రీమదనంతగిరి పద్మనాభ కరుణాకటాక్ష లబ్ధ సాహస, వికారాబాదు జంక్షన్ చాయాపాన పరితృప్త, 2022లో భౌగోళిక గుర్తింపు గొన్న తాండూరు కందిపప్పు సంవర్ధిత దేహ, ఉభయపాఠ సమన్వయ దురంధర విరచితంబైన మార్జార సోపాన వ్యాఖ్యానంబునందు సర్వంబును ఏకాశ్వాసము.