నారింజ, నూనె, నేను

నేను రాగి పళ్ళేన్ని. గుండ్రంగా, మూడు వేళ్ళ లోతుతో, అంచు బయటికి మడిచి, లోపలంతా తగరంతో కళాయి పూసి ఉంటాను. గ్రీసు దేశపు క్రీట్ దీవిలో, పడమటి కొసనున్న హన్యా ప్రాంతంలో, ఒక పల్లెటూరి వంటింట్లో నా కాపురం. నన్ను కొట్టిన కంచరి మొహం గుర్తులేదు. పెళ్ళికూతురి సామానులో కలిసి ఈ ఇంటికి వచ్చాను. అప్పటికి 1941 మే నెల ఇంకా రాలేదు. అంటే జర్మన్ సైనికులు పారాచూట్లు కట్టుకుని మా దగ్గరి మలేమె మీద దిగకముందు సంగతి. ఆ మలేమె పేరు బయటి ప్రపంచానికి యుద్ధం వల్ల తెలిసింది. మాకు మాత్రం అది నారింజతోటల ఊరు.

నా ఒంటి సంగతి ముందు చెప్పాలి. నారింజరసం పులుపు. పులుపు పచ్చి రాగికి తగిలితే రాగి కరుగుతుంది, అది కడుపులోకి పోతే విషం. అందుకే నాకూ పండుకూ మధ్య ఆ తగరపు పూత. ఏడాదికోసారి కళాయివాడు ఊళ్ళోకి వచ్చేవాడు. ఇసుకతో నన్ను రుద్ది, బొగ్గుల మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క అద్ది, దూదితో ఒక్క ఊపున లోపలంతా తుడిచేవాడు. పొగ పోయేసరికి నా లోపలి భాగం వెండిలా మెరిసేది. తగరం 232 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కాబట్టి పూత పెట్టినవాడు చెప్పేమాట ఒక్కటే: ఖాళీగా పొయ్యిలో పెట్టకండి, మండే వేడిలో పెట్టకండి. కట్టెల పొయ్యి వెలిగించిన రోజున ముందు రొట్టెలు కాల్చేవాళ్ళు. వేడి కాస్త దిగాక, చెయ్యి లోపల పెట్టి చూసుకుని, అప్పుడు నన్ను తోసేవాళ్ళు. తీపి వంట ఎప్పుడూ రొట్టె తర్వాతే.

మా ఇంటి తీపి వంటల్లో కొవ్వు అంటే ఆలివ్ నూనె. ఆవులు తక్కువ, కొండలు ఎక్కువ. గొర్రెలూ మేకలూ ఇచ్చిన పాలు జున్నుకే సరిపోయేవి. వేసవి ఎండలో వెన్న నిలవ ఉండదు. ఆలివ్ చెట్టుకి ఇవేవీ అడ్డు కాదు. మా వైపు పెరిగే కొరొనేయికి రకం కాయ చిన్నది, దాదాపు అయిదు కిలోల కాయ ఆడిస్తే కిలో నూనె దిగుతుంది. ఆ నూనె కూజాల్లో, తర్వాతి రోజుల్లో రేకు పీపాల్లో, చీకటి కొట్లో ఏడాది పొడుగునా ఉండేది.

ఇక ఉపవాసాలు. గ్రీకు సనాతన క్రైస్తవ సంప్రదాయంలో ఉపవాస దినాలన్నీ కలిపితే ఏడాదిలో దాదాపు సగం అవుతాయి. ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు, వెన్న ముట్టరు. మరి పిల్లలకి తీపి ఏదీ? పిండి, నూనె, పంచదార, పండు. వీటితోనే తలపండిన ఇల్లాళ్ళు ఒక వంటల లోకాన్ని కట్టారు. మరీ కఠినమైన ఉపవాస దినాల్లో నూనె కూడా నిషిద్ధం. అప్పుడు నువ్వుల ముద్దలో నారింజరసం కలిపి, అదే కొవ్వుగా చేసుకుని, నాలోనే కేకు కాల్చేవాళ్ళు. విచిత్రమేమంటే ఆ రోజుల్లో ఆలివ్ కాయ తినొచ్చు, దాని నూనె మాత్రం కూడదు.

ఆగస్టు 27 సెయింట్ ఫనూరియోస్ పండగ. పోయిన వస్తువులను చూపించే పునీతుడని ఆయన మీద నమ్మకం. ఆ రోజు చేసే కేకు ఫనూరోపిత. దానిలో ఏడో తొమ్మిదో దినుసులు ఉండాలంటారు. మా ఇంట్లో తొమ్మిది: పిండి, పంచదార, ఆలివ్ నూనె, నారింజరసం, వంటసోడా, దాల్చినచెక్క, లవంగం, ఎండుద్రాక్ష, అక్రోటు. ఆ పుణ్యాత్ముడి తల్లి పాపాత్మురాలని, ఆమెను దేవుడు క్షమించాలని కోరుతూ ఈ కేకు పంచిపెడతారని చెప్పుకుంటారు. నన్ను గుడ్డలో చుట్టి గుడికి మోసుకెళ్ళేవాళ్ళు. అక్కడ నా పక్కన ఊరందరి పళ్ళేలూ వరసగా ఉండేవి. కలిసిపోకుండా ప్రతి ఇంటివాళ్ళూ అంచు మీద గీతలు గీయించుకునేవాళ్ళు. నా అంచు మీదా రెండక్షరాలు ఉన్నాయి.

ఆ కేకు తయారయ్యే పద్ధతి నాకెంతో ఇష్టం. నీళ్ళ గ్లాసే కొలత. నూనె ఒక గ్లాసు, పంచదార ఒకటి, రసం గ్లాసున్నర. పిండి ఎంత అంటే, ఎంత పడితే అంత. మూడున్నర గ్లాసులు ఒకరోజు, నాలుగు ఇంకోరోజు. ముందు పంచదారలో నారింజ తొక్క తురుము వేసి వేళ్ళతో నలిపేది మా పెద్దామె. తొక్కలోని సువాసన నూనెలోనే కరుగుతుంది, నీళ్ళలో కరగదు. ఆ తడి పంచదార మీద ఆలివ్ నూనె పోయగానే వంటిల్లంతా వాసన లేచేది. తర్వాత లోతైన గిన్నెలో రసం పోసి చెంచాడు సోడా వేస్తే బుస్సున నురగ పొంగేది. పులుపూ సోడా కలిసి పుట్టిన గాలి అది. నురగ చల్లారేలోగా పిండిలో కలిపెయ్యాలి. గుడ్డు లేని, వెన్న లేని కేకును పైకి లేపేది ఆ గాలే.

యుద్ధం రోజుల్లో పంచదార లేదు. ద్రాక్షరసం తీసి, కాస్త బూడిద వేసి తేర్చి, గంటల తరబడి మరిగిస్తే నల్లటి పాకం దిగేది. దానితోనూ నూనెతోనూ గుండ్రటి గట్టి బిస్కట్లు చేసేవాళ్ళు. ముస్తోకూలూరా అంటారు. తీపి తక్కువ, దాల్చినచెక్క ఘాటు, పళ్ళకి పని. పిల్లలు అవి నముల్తూ నడిచేవాళ్ళు. ఆ రోజుల గురించి ఇంతకంటే చెప్పాలని లేదు.

ఎండుద్రాక్ష గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే పండూ నూనే కలవడం పొయ్యిలో మొదలైన పని కాదు. 1922 యుద్ధం తర్వాత ఆసియా మైనర్ నుంచి తరిమివేయబడి వచ్చిన గ్రీకు శరణార్థులు క్రీట్‌లో, ముఖ్యంగా ఇరాక్లియో వైపు, గింజలేని సుల్తానా ద్రాక్షను విస్తారంగా పెంచారు. ఆ గుత్తులు ఎండబెట్టే ముందు పొటాషియం కార్బనేటూ ఆలివ్ నూనే కలిపిన నీళ్ళలో ముంచుతారు. పండు పైనున్న మైనపు పొర సడలి, లోపలి తడి త్వరగా బయటికి పోతుంది. అంటే నాలోకి రాకముందే ఆ ద్రాక్ష ఒకసారి నూనెలో స్నానం చేసి వచ్చినదే.

పెద్దామె కొడుక్కి పెళ్ళయింది. కోడలు ఎపిరస్ కొండల్లో, ఇయోఆన్నినా వైపు పుట్టిన పిల్ల. ఆ ప్రాంతమంతా గొర్రెల మందలు. గొర్రెపాల వెన్నతోనే వాళ్ళ కేకులూ పొరల రొట్టెలూ. ఇక్కడ అత్తగారిని కూడా అమ్మా అనే పిలుస్తారు. వచ్చిన కొత్తలో ఒకరోజు ఆ పిల్ల, "అమ్మా, కేకులో ఈ నూనె వాసనేంటి? సలాడ్‌లో పోసుకునేది కదా," అంది. పెద్దామె కోప్పడలేదు. "నీ వెన్నతో ఒకటి చెయ్యమ్మాయ్, నా నూనెతో నేనొకటి చేస్తాను. పళ్ళెం ఒకటే," అంది.

కోడలి ఆపిల్ కేకు ముందు కాలింది. పంచదారతో వెన్న గిలకొడితే పంచదార పలుకులు వెన్నలో గాలిని ఇరికిస్తాయి. ఆ గాలితో కేకు ఎంతో ఎత్తు పొంగింది, వేడివేడిగా అద్భుతంగా ఉంది. ఆపిల్‌కి వెన్న నప్పుతుంది, అది నేనూ ఒప్పుకుంటాను. తర్వాత పెద్దామె నారింజ కేకు. నూనె గాలిని పట్టి ఉంచదు. అందుకని ఆమె గుడ్లనూ పంచదారనూ నురగొచ్చేదాకా గిలకొట్టి, నూనెను సన్నటి ధారగా పోసింది. ఎత్తు కాస్త తక్కువ. నిప్పు తగిలిన అంచులు మాత్రం నూనెలో వేగినట్టు కరకరలాడాయి.

తేడా తెలిసింది మూడోరోజు. చలికాలం వంటింట్లో వెన్న గడ్డకట్టి కోడలి కేకు బిగుసుకుపోయింది. నూనె గడ్డకట్టలేదు, నారింజ కేకు మొదటిరోజు కంటే మెత్తగా, పండు వాసన కేకంతటా పాకి ఉంది. అత్తగారు ఏమీ అనకుండా బిగుసుకున్న ఆపిల్ కేకు ముక్కను కాఫీలో ముంచుకు తింది. కోడలు రెండో ముక్క నారింజ కేకు తీసుకుంది.

నేను ఇన్నేళ్ళూ వేడిలో ఉండి తెలుసుకున్నది ఇదే. ఆలివ్ నూనెను వెన్నకు బదులు అనుకున్నంతకాలం దాని సంగతి తెలియదు. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్ళే, నూనె మొత్తం కొవ్వే. కాబట్టి వంద గ్రాముల వెన్న రాసిన చోట 75, 80 గ్రాముల నూనె చాలు, తడికి పండురసమో పెరుగో కలుపుకోవాలి. అలా లెక్క మార్చుకోవచ్చు. కానీ మా పెద్దామె దేన్నీ మార్చలేదు. ఆమెకు మొదటి నుంచీ కొవ్వంటే నూనే. నారింజ, నిమ్మ, ద్రాక్ష, అంజూర పండ్లలో ఉన్న పులుపుకూ తొక్కల చేదుకూ నూనెలోని పచ్చి గడ్డి వాసన జోడీ. వెన్న తన తీపి వాసనతో వాటిని కప్పేస్తుంది. నూనె వాటి పక్కన నిలబడుతుంది.

కోడలికి ఇంకో భయం ఉండేది, పొయ్యిలో పెడితే మంచి నూనె మాడి పాడైపోతుందని. చాలామందికి ఇప్పటికీ ఉంది. కేకు లోపల తడి ఉన్నంతసేపూ ముద్ద వేడి 100 డిగ్రీలు దాటదు. పొయ్యి 180 దగ్గర ఉన్నా అంతే. మంచి ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె 190 దాటితే గానీ పొగ రాదు. అయితే ముక్కిపోయిన నూనె ఏ పండుతోనూ దాగదు. వాసన చూసి, పాత అక్రోటు గింజల కంపు ఉంటే దీపానికి పోసెయ్యాలి. కొత్త నూనె గొంతులో మండుతుంది. ఆ మంట ఓలియోకాంథల్ అనే పదార్థం వల్ల. అది ఐబుప్రోఫెన్ మాత్ర పనే చేస్తుందని 2005లో నేచర్ పత్రికలో పరిశోధన వచ్చింది. పిండిలో కలిసి పలచబడ్డాక ఆ మంట తెలియదు. మా దగ్గర నవంబరులోనే గానుగ మొదలవుతుంది, నవంబరులోనే నారింజలు రంగు తిరుగుతాయి. కొత్త నూనే కొత్త పండూ ఒకే వారంలో ఇంటికి వస్తాయి. క్రిస్మస్ ఉపవాసంలో నూనె, నారింజరసం, రవ్వ కలిపి కాల్చి, తేనెపాకంలో ముంచే మెలొమకారొనా ఆ వారాల వంటే.

కోడలు ఈ ఇంటికి కొత్త వంట ఒకటి తెచ్చింది. పోర్తొకలోపిత. పూతరేకంత పలచని ఫిలో పొరలను ఆరబెట్టి, చేత్తో చింపి, పెరుగు, గుడ్లు, నూనె, నారింజ తొక్క తురుము కలిపిన ముద్దలో వెయ్యాలి. పిండి అసలుండదు, చిరిగిన పొరలే పిండి. వేడి కేకు మీద చల్లటి నారింజ పాకం గరిటె గరిటెగా పోసినప్పుడు చుయ్యిమంటుంది. పొరలు తాగి తాగి, మిగిలిన పాకం నా అడుగుకి చేరి అక్కడ నిలుస్తుంది. ఒకసారి పూత అరిగిన చోట ఆ పాకం రాత్రంతా నిలిచి, తెల్లారేసరికి పచ్చటి చిలుము కనబడింది. కేకు మొత్తం పారేశారు. కళాయివాళ్ళు ఊళ్ళకి రావడం మానేసిన కాలమది. నన్ను బస్సులో పట్నానికి తీసుకెళ్ళి పూత వేయించుకొచ్చింది కోడలే. పక్కిళ్ళన్నీ అల్యూమినియం పళ్ళేలకు మారిపోయాయి. ఈమె మారలేదు. రాగి అయితే అడుగంతా ఒకేలా కాలుతుందని ఆమె వాదన, నిజమే.

పెద్దామె పోయింది. ఇప్పుడు కోడలే ఈ ఇంటి యయా. ఇక్కడ అమ్మమ్మనైనా నాయనమ్మనైనా అలాగే పిలుస్తారు. 2023, 2024లలో కరువుల వల్ల, ముఖ్యంగా స్పెయిన్ కాపు దెబ్బతిని, ఆలివ్ నూనె ధర ఎన్నడూ లేనంత పెరిగింది. మా చెట్లకీ కాపు తక్కువే. ఆ రెండేళ్ళలో ఒకసారి ఫనూరోపితకి మనవరాలు పొద్దుతిరుగుడు నూనె సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. "యయా, కేకులో ఎవరికి తెలుస్తుంది? నూనె సలాడ్‌కి దాచుకుందాం," అంది.

"నేనూ ఒకప్పుడు ఇదే మాట అన్నాను," అంది యయా. సీసా తీసి అలమరలో పెట్టి, పీపా లోంచి గ్లాసు నిండా ఆలివ్ నూనె పట్టింది. ప్రతి ఏడూ రెండు వాయిలు కాల్చే మనిషి ఆసారి ఒక్కటే కాల్చింది. గుడి దగ్గర ముక్కలు చిన్నవిగా కోసి, అందరికీ సరిపెట్టింది.