వీలుంటే కప్పు

మార్చి ఆఖరులో గుంతకల్లును ఎండ ఒక పక్క, లెక్కల గడువు ఇంకో పక్క మాడుస్తాయి. ఒక శెనక్కాయల మండీలో గుమాస్తా కుర్రాడు కంప్యూటర్‌ను నా వైపు తిప్పి, "ఒక్క ఎర్రరూ లేదు సార్" అన్నాడు. నిజమే. 300 మంది రైతుల బాకీల షీటు తోమిన పళ్లెంలా మెరుస్తోంది. నిన్న అందులో 40 చోట్ల 'ఎన్ బై ఏ' ఉండింది. ఏం చేశావు నాయనా అంటే, 2007 ఎక్సెల్‌తో వచ్చిన ఇఫ్‌ఎర్రర్‌ను ఫార్ములాకు తొడిగి, దొరకని చోట సున్నా వెయ్యమన్నాడట. 40 మంది బాకీ ఒక్క మీట నొక్కుడుతో మాఫీ! ప్రభుత్వాలు ఇదే పని విడతల వారీగా చేస్తాయి.

ఒక షీటులోని రైతును ఇంకో షీటులో వెతికే ఆ ఫార్ములాకు వీలుకప్ అని పేరు పెట్టినవాడికి తెలుగు వచ్చే ఉండాలి. వీలుంటే కప్పు.

ఆ 40 మంది ఎక్కడికీ పోలేదు. ఓబులేసు ఒక షీటులో ఇంగ్లీషు 'ఓ'తో, ఇంకో షీటులో 'వి'తో మొదలవుతాడు. లక్ష్మి ఒకచోట 'ఎక్స్' వేసుకుంటుంది, మరోచోట వేసుకోదు. ఖాతా నంబర్లేమో అంకెల వేషం కట్టిన అక్షరాలు. కొన్ని పేర్ల తోకకు కంటికి కనబడని ఖాళీ. ట్రిమ్ వేస్తే రాలిపోయేది.

ఇంతకన్నా ఘనులున్నారు. వీలుకప్‌లో నాలుగో మాటగా 'ఫాల్స్' రాయనివాళ్లు. అది రాయకపోతే ఎక్సెల్ 'ఇంచుమించుగా ఉన్నా సరే' అనుకుంటుంది. పన్ను స్లాబులకు అది పనికొస్తుంది. పేర్లకు వాడితే మాత్రం, మన జంక్షన్‌లో నంద్యాల టికెట్ అడిగినవాణ్ణి 'అది లేదు, ఏబీసీడీల్లో దాని ముందున్నది ముంబై, ఎక్కు' అన్నట్టే. ఎర్రర్ రాదు. రైలు కూడా కదులుతుంది.

పెద్దవాళ్లకూ తప్పలేదు లెండి. 2010లో రీన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు దేశాల అప్పుల మీద రాసిన వ్యాసం తాలూకు ఎక్సెల్ షీటులో, ఒక సగటు ఐదు దేశాలను లెక్కలోకే తీసుకోలేదు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి పట్టుకునేదాకా ఆ షీటూ తోమిన పళ్లెమే.

"కసాపురం గుడి ఇక్కడే కదా," అన్నాను కుర్రాడితో. "మన ఆంజనేయుడు మూలిక పోల్చుకోలేక కొండనే పెకలించుకొచ్చాడు గానీ, దొరకలేదు సున్నా వేసుకోండి అన్నాడా?"

"ఆయనకు మార్చి 31 లేదు సార్."

"తెల్లారేలోగా తేవాల్సొచ్చింది!"

ఇఫ్‌ఎర్రర్ పీకేశాను. 40 'ఎన్ బై ఏ'లూ తిరిగొచ్చాయి. అప్పుడే లోపలికొచ్చిన యజమాని తెరవైపు చూసి, "ఏం సామీ, నువ్వు రాకముందు ఒక్క తప్పూ లేకుండె" అన్నాడు.