నా పుట్టుక ఖర్చు

నేనొక క్రయ దస్తావేజును. 2025 జనవరి ఆఖరి వారంలో అనంతపురంలో పుట్టాను. ఇప్పుడు బ్యాంకు ఇనుప బీరువాలో, నాలాంటి తాకట్టు కాగితాల నడుమ ఉన్నాను. అప్పు తీరేదాకా ఇల్లు నా యజమానిది, నేను బ్యాంకుదాన్ని.

నన్ను రాయించుకున్నది కళ్యాణదుర్గం వైపు రైతు కుటుంబం. చెనిక్కాయ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే విత్తనం దుడ్లు కూడా తిరిగి రాని మెట్ట సీమ అది. కొడుకు టీచరు ఉద్యోగంలో కుదురుకున్నాక పట్నంలో 20 లక్షలకు చిన్న ఇల్లు మాట్లాడుకున్నారు. 30 లక్షల లోపు గృహ రుణానికి బ్యాంకులు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. 18 లక్షలు మంజూరయ్యాయి.

అప్పుతో పాటు వివరాల పత్రం ఒకటి చేతికిచ్చారు. 2024 అక్టోబరు 1 నుంచి రిటైలు రుణాలన్నిటికీ ఇలాంటిది ఇచ్చి తీరాలన్నది రిజర్వు బ్యాంకు ఆజ్ఞ. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, లాయరు ఫీజు, అన్నీ కలిపితే ఏడాదికి పడే అసలు భారం ఎంత శాతమో అందులో ఉంటుంది. తండ్రీకొడుకులు వేలు పెట్టి ఒక్కో వరస చదివారు. చేతి నుంచి రెండు లక్షలు, పైన ఫీజులకు కొంత ఉంటే చాలని లెక్క కట్టుకున్నారు.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట లేఖరి నన్ను టైపు చేస్తూ అడిగాడు.

"ఏమప్పా, చలానాకు దుడ్లు తెచ్చినారా?"

"చలానా యాడిది సామీ? బ్యాంకోళ్ల కాగితంలో అది రాయలేదే!"

"ఆ కాగితం బ్యాంకుది నాయనా. ఇది సర్కారుకు కట్టేది."

ఆయన కాలిక్యులేటరు నొక్కాడు. స్టాంపు డ్యూటీ 5 శాతం, లక్ష. బదిలీ సుంకం 1.5 శాతం, 30 వేలు. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, 20 వేలు. మొత్తం లక్షా యాభై వేలు. ఇందులో బదిలీ సుంకం స్థానిక సంస్థల వాటా. ఇల్లు చేతులు మారిన ప్రతిసారీ ఊరి ఖజానాకు ఇంత జమ అన్నమాట. మాట్లాడుకున్న ధర, ప్రభుత్వం కట్టిన మార్కెట్ విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీదే లెక్క.

ఆగుదామంటే వీల్లేదు. ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో కొత్త మార్కెట్ విలువలు అమల్లోకి వస్తున్నాయని ఆఫీసు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఇంటావిడ మెడలో గొలుసు తీసి కొడుకు చేతిలో పెట్టింది. గృహ రుణం చేతికి రాకముందే బంగారం మీద ఇంకో అప్పు పుట్టింది. మర్నాడు వేలిముద్రలు, ఫొటోలు పడి నాకు ప్రాణం వచ్చింది.

బ్యాంకు అబద్ధమాడలేదు. ఆ పత్రంలో రాయాల్సింది బ్యాంకు వసూలు చేసేవి, బ్యాంకు ద్వారా ఇతరులకు పోయేవి. నా పన్ను కొనేవాడు నేరుగా సర్కారుకు కడతాడు కాబట్టి దానికి అక్కడ చోటు లేదు. అప్పులోనైనా కలుపుతారా అంటే, 2015 మార్చిలో రిజర్వు బ్యాంకు ఆ వెసులుబాటు ఇచ్చింది కానీ పది లక్షల లోపు ఇళ్లకే. పెళ్లి ఖర్చంతా రాసి తాళిబొట్టు మరిచినట్టుంది ఈ లెక్క.

క్యూలో నిలబడ్డప్పుడు టెక్సాస్‌లో ఉన్న బామ్మర్దికి ఫోను చేశారు. ఆయన చెప్పింది నేనూ విన్నాను. 2015 అక్టోబరు 3 నుంచి అమెరికాలో రుణ అంచనా పత్రం రెండో పేజీలో ప్రభుత్వ పన్నులు, రుసుములకు విడిగా చోటు పెట్టారు. దరఖాస్తు అందిన మూడు పనిదినాల్లో ఆ పత్రం ఇవ్వాలి. బదిలీ పన్ను తక్కువ చూపించి, సరైన కారణం లేకుండా తర్వాత పెంచితే ఆ తేడా అప్పిచ్చినవాడే భరించాలి. టెక్సాస్‌లో అసలా పన్నే లేదట, అది వేరే సంగతి.

ఇక్కడ మన బ్యాంకులకు ఈ పన్ను ముందే చూపించడం కష్టమా? అమ్మకం అగ్రిమెంటు అప్పు ఫైల్లోనే ఉంటుంది. మార్కెట్ విలువలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. గుణించడానికి లేఖరికి పట్టినంత సేపే బ్యాంకు గుమాస్తాకీ పడుతుంది. "ఇది మేం వసూలు చేసేది కాదు, కానీ మీరు కట్టాల్సింది" అని ఒక్క వరస చేరిస్తే చాలు.

నాలాంటి కాగితాల కోసం అప్పు తీర్చినవాళ్లు కూడా చెప్పులరిగేలా తిరిగే రోజులుండేవి. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గట్టిగా రాసింది: అప్పు తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇచ్చుకోవాలి. నా విడుదలకు అలా లెక్క కుదిరింది. నా పుట్టుకకూ కుదరాలి, అదీ గొలుసు మెడ దిగకముందే.