క్రిస్మస్‌కు న్యూయార్క్

న్యూయార్క్‌ను జంటగా తొలిసారి చూడబోయేవారు క్రిస్మస్ వారాన్నే ఎంచుకుంటారు. మిగతా ప్రపంచమూ అదే పని చేస్తుంది. ప్లానులో మొదటి పేరు రాక్‌ఫెల్లర్ సెంటర్ చెట్టు. 1933 నుంచి లాంఛనంగా దీపాలు వెలిగిస్తున్న ఆ చెట్టు ముందు ఏకాంతంగా ఫొటో దిగాలని ఆశ. ఫొటోలో చెట్టు పడుతుంది, జంటా పడుతుంది, చుట్టూ పాతికమంది అపరిచితులూ పడతారు. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద సూర్యాస్తమయం ఆరింటికని రాసుకుంటారు. డిసెంబరు చివర్లో అక్కడ సూర్యుడు నాలుగున్నరకే డ్యూటీ దిగిపోతాడు. లిబర్టీ విగ్రహాన్ని సరిగ్గా 25నే పెట్టుకుంటారు. స్వేచ్ఛాదేవికి ఉన్న కొద్దిపాటి సెలవుల్లో అదొకటి. మెట్రోపాలిటన్ మ్యూజియమూ ఆ రోజు మూతే. స్టేటెన్ ఐలాండ్ ఫెర్రీ మాత్రం పండగనాడూ నడుస్తుంది, విగ్రహాన్ని దూరం నుంచి చూపిస్తుంది. దానికి టికెట్ లేదు. అందుకే ఏ ప్లానులోనూ దాని పేరుండదు.