నేను చేపనూనె మాత్రను

సీసా మీద నాలోని నూనె బరువు 1000 మిల్లీగ్రాములని పెద్ద అక్షరాలతో వేస్తారు. రక్తనాళాలకు పనికొస్తాయనే ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వులు మాత్రం నాబోటి మామూలు మాత్రలో దాదాపు 300 మిల్లీగ్రాములే. ఆ అంకె సీసా వెనక సన్నని అచ్చులో ఉంటుంది. పెరూ తీరంలో పట్టిన ఆంకోవీ చేపల నూనెను శుద్ధిచేసి జెలటిన్ తొడుగులో పోస్తే నేను తయారు. పుట్టుక గురించి అంతకంటే చెప్పేదేం లేదు. నా మొదటి బాధ ఆ రెండు అంకెల మధ్య తేడా గురించి.

నాకూ ఘనమైన చరిత్ర ఉంది. 1970ల మొదట్లో బాంగ్, డయర్‌బర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకులు గ్రీన్‌లాండ్ వెళ్లి, సీల్ మాంసం, చేపలు తినే ఇన్యూట్‌ల రక్తం పరీక్షిస్తే ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు తక్కువగా కనిపించాయి. వాళ్లకు గుండెజబ్బులు అరుదన్న మాటను తర్వాతివాళ్లు ప్రశ్నించారు గానీ, నాలోని కొవ్వులకు సత్తా ఉందన్నది నిజం. తగిన మోతాదులో అవి కాలేయం ట్రైగ్లిజరైడ్లు తయారుచేసే జోరు తగ్గిస్తాయి, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని కొంత అదుపుచేస్తాయి. 1999లో ఇటలీలో, గుండెపోటు వచ్చి బతికిన 11,324 మందిపై జరిగిన గిస్సి పరీక్షలో మా జాతి మాత్ర రోజూ వేసుకున్నవాళ్లలో మరణాలు తగ్గాయి. అది తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పొంగుతుంది.

అయితే అప్పటికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ల వాడకం ఇంతగా లేదు. 2018లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో, అంటే 25,871 మందిని చూసిన వైటల్‌లోనూ, 15,480 మంది మధుమేహులను చూసిన అసెండ్‌లోనూ, గుండె, రక్తనాళాల ప్రమాదాలన్నీ కలిపి లెక్కిస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. వాటిలో వాడిన మాత్రలో ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి 840 మిల్లీగ్రాములు. అంత బలమైన మాత్రకే చేతకానిది 300 మిల్లీగ్రాములతో నావల్ల ఎలా అవుతుంది? అదే ఏడాది రెడ్యూస్-ఇట్ పరీక్షలో ప్రమాదాలు 25 శాతం తగ్గాయి కదా అనొచ్చు. తగ్గాయి. కానీ అది శుద్ధి చేసిన ఈపీఏ, రోజుకు 4 గ్రాములు, స్టాటిన్ వాడుతున్నా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇచ్చిన మందు. పోలికకు వాడిన మినరల్ ఆయిల్ మీద కూడా అనుమానాలు లేచాయి. 2020లో ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ కలిపి 4 గ్రాములిస్తూ, పోలికకు మొక్కజొన్న నూనె వాడిన స్ట్రెంగ్త్ పరీక్షలో ఆ లాభం కనపడలేదు. నేను మొత్తానికే దండగని అనడం లేదు. డాక్టరు ఎంచి రాసే మందు వేరు, కొట్లో ఎవరైనా కొనుక్కునే నేను వేరు.

నన్ను కొన్నవాళ్ల మీదా నాకు కోపమే. పొయ్యి పక్క అరలో పెడతారు, మూత వదులుగా వదిలేస్తారు. వేడి, వెలుతురు, గాలి తగిలితే మాలాంటి నూనె త్వరగా చెడుతుంది. తొడుగులు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి, విరిచి చూస్తే కనరు వాసన. గడువు దాటాక కూడా డబ్బు పెట్టి కొన్నామని మింగుతారు. అంతకంటే పెద్ద బాధ, నన్ను చూసుకుని బీపీ మాత్ర, స్టాటిన్ మానేయడం. కానాగంతలు, కవ్వలు తినే అలవాటున్న ఇంట్లో కూడా చేపకు బదులు నన్ను తెస్తారు. చేపతో వచ్చే మాంసకృత్తులు నా దగ్గర లేవు. డాక్టరు ఏయే మందులు వాడుతున్నారని అడిగితే నా పేరు చెప్పరు, నేను మందునే కానన్నట్టు. చెప్పి తీరాలి, ఎందుకంటే ఎక్కువ మోతాదు ఒమేగా-3తో గుండె లయ తప్పే జబ్బు పెరిగినట్టు ఆ 4 గ్రాముల పరీక్షలు రెండూ చూపాయి.