పొద్దున ఛార్జి, సాయంత్రం సన్మానం

ప్రభుత్వం మారితే గన్నవరం విమానాశ్రయంలో బొకేలు పట్టుకునే చేతులు మారవు, అందుకునే చేతులే మారతాయి. నిన్న వీఐపీ లాంజ్‌లో కాలు మీద కాలేసుకున్న దొరగారు ఇవాళ మామూలు క్యూలో ఉంటారు.

అధికారుల కుర్చీలదీ ఇదే తంతు. 2019 నవంబరులో ఎల్వీ సుబ్రహ్మణ్యంగారిని రాష్ట్ర ప్రధాన కార్యదర్శి కుర్చీలోంచి లేపి బాపట్ల మానవ వనరుల అభివృద్ధి సంస్థకు పంపారు. ఆ ఉత్తర్వు మీద సంతకం ఎవరిది? అంతకుముందే ఆయన షోకాజ్ నోటీసు ఇచ్చిన అధికారిదే! నోటీసుకు అంత ఘాటు జవాబు ఏ సర్వీసు రూల్సులోనూ ఉండదు.

నిఘా విభాగాన్ని ఏలిన ఏబీ వెంకటేశ్వరరావుగారి కథ ఇంకా రంజు. 2020 ఫిబ్రవరిలో సస్పెన్షన్, కోర్టులు, మళ్లీ సస్పెన్షన్, మళ్లీ కోర్టులు. ఎట్టకేలకు 2024 మే 31న ప్రింటింగ్, స్టేషనరీ కమిషనర్‌గా పోస్టింగు. పొద్దున ఛార్జి, సాయంత్రం పదవీ విరమణ. విజిటింగ్ కార్డు వేయించుకుందామంటే ప్రెస్సు చేతిలోనే ఉంది గానీ, సిరా ఆరే టైమేదీ?

రెండు వారాలు తిరక్కుండానే గద్దె మారింది. ఈసారి వంతు దిగిపోయిన సర్కారుకు దగ్గరివారన్న పేరున్న అధికారులది. పోస్టింగు లేని 16 మంది ఐపీఎస్‌లు రోజూ డీజీపీ ఆఫీసుకొచ్చి, పొద్దున పదింటికోసారి, సాయంత్రం ఐదు దాటాక ఇంకోసారి సంతకం పెట్టాలని ఆ ఏడాది ఆగస్టులో మెమో. రౌడీషీటర్లను ఆదివారాలు స్టేషన్‌కు పిలిపించే శాఖ కూడా ఇదేనండోయ్! మధ్యలో పనేమిటని మాత్రం అడక్కండి. ఎదురుచూపూ డ్యూటీ కిందే లెక్క. జీతం మన ఖజానాదే.