ఇరవై రెండు న్యూటన్లు

2014 సార్వా పంట. మండపేట అవతల, కాలువ కింద మా స్నేహితుడికి రెండెకరాలు. కుప్ప నూర్చి, తూర్పారబట్టి, ధాన్యం కళ్లంలో రాశి పోశారు. పొద్దున్నే వ్యాపారి ట్రాక్టరుతో వచ్చి కంప్యూటర్ కాటా దింపించాడు. ఈ కాటాలు వచ్చాక రైతుకు ఎంతో ధీమా. తాతల కాలంలో కుంచం కొలతలో గోపురం ఎంత పోశారు, చేత్తో ఎంత తుడిచేశారు అని కళ్లంలోనే తగాదాలయ్యేవి. ఇప్పుడు ఎర్రంకెలు చెప్పిందే మాట.

75 కిలోల బస్తాలు పడుతున్నాయి. జట్టువాళ్లు బస్తా తెచ్చి కాటా మీద నిలబెడతారు. గుమాస్తా కుర్రాడు అది ఒరగకుండా రెండు మూలలూ పట్టుకుంటాడు. గంపతో కాస్త పోసి, కాస్త తీసి, అంకె 75 దగ్గర నిలవగానే, "ఆయ్, సరిపోయిందండీ, దింపేయండి" అంటాడు.

చిట్టా రాస్తున్నది మావాడి కూతురు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరిన రోజున వాళ్ల సైన్సు మాస్టారు పాఠం పక్కన పెట్టి అదే చెప్పారట. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆ నౌకకు 440 న్యూటన్ల ఇంజను ఒకటి, 22 న్యూటన్ల చిన్న ఇంజన్లు ఎనిమిది. అన్నీ కలిపినా 616. మన 75 కిలోల ధాన్యం బస్తా కాటాను నొక్కేది 735 న్యూటన్లు! జట్టు కూలీ రోజంతా భుజాన మోసేదానికన్నా తక్కువ బలంతోనే, ఆ నౌక వేగం తగ్గించి అంగారకుడికి చిక్కేలా చేశారన్నమాట. ఆ మాస్టారికి నేనైతే దండం పెడతాను. పిల్లలు ఎప్పటికీ మరిచిపోని లెక్క అది.

మా రోజుల్లో డైన్లు, పౌండళ్లు, కిలోగ్రాము భారాలు అన్నీ బట్టీ పట్టించేవారు. లక్ష డైన్లు ఒక న్యూటన్. కిలో ద్రవ్యరాశి వేగాన్ని ప్రతి సెకనుకూ సెకనుకు ఒక మీటరు చొప్పున పెంచే బలం ఒక న్యూటన్. 1948లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ ఆ పేరు ఖాయం చేసింది. పేరు ఏదైతేనేం అనుకోవడానికి లేదు. 1999లో అమెరికా వాళ్ల అంగారక నౌక ఒకటి సరిగ్గా ఇక్కడే దెబ్బతింది. ఒక జట్టు పౌండ్ల బలంలో లెక్క ఇచ్చింది, రెండో జట్టు దాన్ని న్యూటన్లనుకుంది. పౌండు బలమంటే దాదాపు నాలుగున్నర న్యూటన్లు. నౌక ఉండాల్సిన దానికన్నా బాగా కిందికి దిగిపోయి నాశనమైంది.

కాటా సంగతీ ఆ పిల్లకు మాస్టారే చెప్పారు. కాటా కొలిచేది కిలోల్ని కాదు, తన మీద పడే బలాన్ని. భూమి కిలో వస్తువును 9.8 న్యూటన్లతో లాగుతుంది కాబట్టి, ఎంత బలం పడిందో దాన్ని 9.8తో భాగించి కిలోలుగా చూపిస్తుంది. ఆ బలంలో ధాన్యానిది ఎంత, మనిషి చేతిది ఎంత అనేది దానికి తెలియదు.

ఏడో బస్తానో ఎనిమిదో బస్తానో పడుతుండగా పిల్ల లేచింది.

"అన్నా, ఒక్కసారి చేతులు తియ్యవా?"

"బస్తా ఒరిగిపోద్దమ్మా."

"నేను పట్టుకుంటాలే, వేలితో."

కుర్రాడు వ్యాపారి వైపు చూశాడు. వ్యాపారి ఎటో చూశాడు. చేతులు తీశాక ఎర్రంకెలు కాస్త ఊగి 77.2 దగ్గర నిలిచాయి.

పిల్ల చిట్టా అట్ట మీద గుణించుకుంది. "రెండుంబావు కిలోలకు కొంచెం తక్కువ. 22 న్యూటన్లు. పైకి లేపుతున్నాడు నాన్నా. మంగళయాన్ చిన్న ఇంజను ఒకటి ఎంతో అంత."

అరవై బస్తాల మీద అయితే అది రెండు బస్తాలకు దగ్గర. ఆ ఏడు మద్దతు ధర క్వింటాలు 1360. రెండెకరాల రైతుకు అది పిల్లల పుస్తకాలు, పండక్కి బట్టలు. వ్యాపారి గొడవ పడలేదు. "కుర్రాడికి తెలియలేదండీ, మొదటి నుంచి మళ్లీ వేయించండి" అన్నాడు. మళ్లీ వేశారు. మావాడి ఆనందం ఇంతా అంతా కాదు. "మాస్టార్ని చేస్తానండీ దీన్ని" అని కనపడిన వాడికల్లా చెప్పాడు. జట్టువాళ్లందరికీ టీలు తెప్పించాడు. నాకూ కళ్లు చెమర్చాయి. పాఠం బతుకులోకి దిగడం నా కళ్లతో చూశాను.

మధ్యాహ్నం కోత కోసి కుప్ప నూర్చిన ముఠావాళ్లు వచ్చారు. వాళ్ల కూలి గుత్తగా, ధాన్యం కింద మాట్లాడుకున్నారు. వ్యాపారి ట్రాక్టరు రెండో దఫాకు వచ్చేదాకా కాటా కళ్లంలోనే ఉంది. మావాడు దాని మీదే వాళ్ల బస్తాలు వేయించాడు. ముఠాలో పెద్దామె కొంగు నడుముకు దోపుకుని ఎదురుగా నిలబడింది. అంకెలు చదవడం ఆమెకు రాదు. పొద్దున్న జరిగింది విని ఉంది కాబట్టి, కాటా వైపు కాక పిల్ల ముఖం వైపే చూస్తోంది.

మావాడు బస్తా ఒరగకుండా మూతి మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు. 75 పడింది. "రాసుకోమ్మా, సరిపోయింది" అంటూ, జట్టువాళ్లు ఎత్తడానికి చెయ్యి తీశాడు. వాళ్లు వంగి పట్టుకునేలోపు ఎర్రంకెలు మారాయి. 72.8.

పిల్ల కలం ఆగింది.

"రాయవేం?" అన్నాడు.

"ఇది కూడా 22 న్యూటన్లే నాన్నా. పొద్దున వాళ్లు పైకి లేపారు, నువ్వు కిందికి నొక్కుతున్నావ్."